పగటిపూట ఊపిరి బిగబట్టే మొక్కలు

లండన్‌లో క్యూ గార్డెన్స్ అనే పెద్ద వృక్షశాస్త్ర తోటకి వెళ్తే అందరూ ముందు పామ్ హౌస్ చూడమంటారు. నన్నడిగితే నేరుగా ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ కన్సర్వేటరీకి వెళ్లండి. 1987లో తెరిచిన ఈ అద్దాల ఇంట్లో పది రకాల వాతావరణాలు ఒకే కప్పు కింద ఉంటాయి. ఒక తలుపు తోస్తే చెమటలు పట్టించే వర్షారణ్యం, ఇంకో తలుపు తోస్తే పొడి ఎడారి, బయటేమో ముసురు.

నేను ఎక్కువసేపు నిలబడేది ఎడారి గదిలోనే. అక్కడ పూలు లేని రోజుల్లో కూడా చూడటానికి బోలెడు ఉంటుంది, ఎందుకంటే ప్రతి ఆకారం వెనక నీటి లెక్క ఒకటి కళ్లకు కనిపిస్తుంది. బంగారు రంగు ముళ్లతో బంతిలా ఉండే గోల్డెన్ బ్యారెల్ కాక్టస్‌నే చూడండి. గుండ్రంగా ఉంటే లోపల నీళ్లు ఎక్కువ పడతాయి, ఎండ తగిలే చర్మం తక్కువ. ఒంటి మీది మడతలు హార్మోనియం తిత్తిలా వాన పడితే విచ్చుకుంటాయి, కరువొస్తే ముడుచుకుంటాయి. సొంతగడ్డ మెక్సికోలో ఇది అంతరించే ప్రమాదంలో ఉందంటే మనసుకి కష్టంగా ఉంటుంది.

అసలు విశేషం మాత్రం కంటికి కనిపించదు. మామూలు మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటాయి, ఆ దారినే నీరూ ఆవిరైపోతుంది. ఎడారిలో అలా చేస్తే బతకడం కష్టం. అందుకే కాక్టస్‌లు, ఇంకా ఒంట్లో నీళ్లు దాచుకునే చాలా కండ మొక్కలు చల్లబడ్డాక రాత్రిపూట రంధ్రాలు తెరిచి, పీల్చిన వాయువుని మాలిక్ ఆమ్లంగా దాచుకుంటాయి. తెల్లారాక తలుపులన్నీ మూసేసి, దాచిందాన్ని ఎండ వెలుగులో చక్కెరగా మార్చుకుంటాయి. దీన్నే క్యామ్ పద్ధతి అంటారు.

దీని తొలి ఆధారాల్లో ఒకటి దొరికింది మన రణపాల ఆకులోనే! ఒకప్పుడు సామర్లకోట తోటని చూసుకున్న వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హేన్, ఆ ఆకు పొద్దున్నే చుక్కకూరంత పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటోందని గమనించి ఒక ఉత్తరంలో రాశాడు, 1815లో అది అచ్చయింది. రాత్రంతా పోగైన ఆమ్లమే ఆ పొద్దుటి పులుపు. పరికరాలేవీ లేకుండా నాలుకతోనే ఇంత దూరం వెళ్లాడంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఇంకో మాట. మనం నాగజెముడు, బొమ్మజెముడు రెంటినీ జెముడు అనే అంటాం కానీ వాటికి చుట్టరికం లేదు. నాగజెముడు అమెరికా నుంచి వచ్చిన అసలైన కాక్టస్, బొమ్మజెముడు గిల్లితే పాలుకారే యుఫోర్బియా. ఎండా కరువూ ఒకేలా ఉంటే వేర్వేరు కుటుంబాలు కూడా ఒకే రూపానికి వచ్చేస్తాయి. తేడా తెలియాలంటే గిల్లక్కర్లేదు, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం కూడా. ముల్లు మొదట్లో చూడండి. నూగుతో చిన్న మెత్తలాంటి చుక్క ఉంటే అది కాక్టస్.