మోసం వెనకాలే చట్టం, చట్టం వెనకాలే లాయరు

అమెరికాలో డాక్టరు దగ్గరికి వెళ్లొస్తే బిల్లు మీద ఐదంకెల కోడ్ ఒకటి ఉంటుంది. పాత పేషెంటు మామూలు విజిట్ అయితే 99213. కేసు క్లిష్టమైనా, ఎక్కువసేపు పట్టినా 99215. రెండోదానికి డబ్బు ఎక్కువ. ఒక డాక్టరు ప్రభుత్వ బీమాకి పంపే బిల్లుల్లో ఒకే రోజున 40 మందికి 99215 వేశాడనుకోండి. సమయం లెక్కన చూస్తే ఆ కోడ్‌కి కనీసం 40 నిమిషాలుండాలి. అంటే మొత్తం 1,600 నిమిషాలు. రోజుకి ఉన్నదే 1,440. ఇంకేముంది, దొరికిపోయాడు అనిపిస్తుంది. కానీ అవతలి లాయరు లేచి, మా క్లయింటు కోడ్ వేసింది సమయాన్ని బట్టి కాదు, కేసు క్లిష్టతను బట్టి అంటాడు. రూలు అందుకూ ఒప్పుకుంటుంది. అప్పుడు ఆ 40 ఫైళ్లూ తెరిచి, ఏ పేషెంటుకి ఏం రాశాడు, ఒకే పేరాని అన్నిట్లోనూ అతికించాడా అని కూర్చుని చదవాల్సింది ప్రభుత్వ లాయరు.

వైద్య మోసాలు పట్టే ప్రభుత్వ లాయరు అనే ఈ పని లా కాలేజీ సిలబస్‌లోంచి పుట్టలేదు. కుంభకోణం బయటపడ్డప్పుడల్లా ఒక చట్టం వచ్చింది, దాన్ని నడపడానికి ఒక కుర్చీ వేశారు. ఇప్పుడున్న ఉద్యోగాలు చాలావరకు అలా పోగుపడినవే.

మొదటి కుర్చీకి ఆస్పత్రులతో సంబంధమే లేదు. అంతర్యుద్ధంలో లింకన్ సైన్యానికి కాంట్రాక్టర్లు రోగిష్టి గుర్రాలూ, పనికిరాని సరుకూ అంటగడుతుంటే 1863లో ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ తెచ్చారు. మోసం సంగతి తెలిసిన మామూలు మనిషి కూడా ప్రభుత్వం తరఫున దావా వేయొచ్చు, గెలిస్తే సగం అతనిది. లాయర్లు ఇలాంటి దావాని ఇప్పటికీ క్వీ టామ్ అనే అంటారు. ప్రభుత్వం అప్పటికే పెట్టిన క్రిమినల్ కేసును కాపీ కొట్టి వాటా అడిగేవాళ్లు తయారయ్యేసరికి, 1943లో కాంగ్రెస్ ఈ చట్టం కోరలు పీకేసింది.

1965 జులై 30న లిండన్ జాన్సన్ మెడికేర్, మెడికెయిడ్ చట్టం మీద సంతకం పెట్టారు. రెండూ ప్రభుత్వ ఆరోగ్య బీమాలే, మొదటిది వయసు మళ్లినవాళ్లకి, రెండోది పేదవాళ్లకి. డాక్టర్ల సంఘం గట్టిగా అడ్డుపడుతున్న రోజులు కాబట్టి చెల్లింపులు ఉదారంగా పెట్టారు. డాక్టరు మామూలుగా ఎంత తీసుకుంటాడో అంత, ఆస్పత్రికి ఎంత ఖర్చయితే అంత. కాపలా సంగతి తర్వాత చూద్దాం అనుకున్నట్టున్నారు.

ఆ 'తర్వాత' రావడానికి పదేళ్లు పైనే పట్టింది. 1976లో ఉటా సెనేటర్ ఫ్రాంక్ మాస్, తన సిబ్బందితో కలిసి మెడికెయిడ్ కార్డులు పట్టుకుని పేషెంట్ల వేషంలో న్యూయార్క్ పేటల్లోని క్లినిక్కులకి వెళ్లారు. వీటికి అప్పటికే 'మెడికెయిడ్ మిల్లులు' అని పేరు. నిక్షేపంగా ఉన్నవాళ్లకి ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు, మందులు రాశారు. ఒక డాక్టరు ఇంకో డాక్టరు దగ్గరికి పంపాడు. మన దగ్గర స్కానింగ్ సెంటర్ కమీషన్ల సంగతి తెలిసినవాళ్లకి ఇది కొత్త కథేం కాదు. తేడా అల్లా, అక్కడ స్వయంగా ఒక సెనేటరే వెళ్లి పేషెంటు కుర్చీలో కూర్చున్నారు. అదే ఏడాది ఆరోగ్య శాఖలో మోసాల మీద కన్నేసి ఉంచే ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు వచ్చింది. మిగతా శాఖలకు అలాంటి ఆఫీసులు పెట్టిన చట్టం 1978ది. అంటే ఈ పద్ధతికి ఓనమాలు దిద్దించింది ఆరోగ్య శాఖే.

న్యూయార్క్‌లో నర్సింగ్ హోముల గొడవ ముదిరి, 1975లో చార్ల్స్ హైన్స్‌ని స్పెషల్ ప్రాసిక్యూటర్‌గా వేశారు. ఆయన ఆఫీసు చూసే 1977లో రాష్ట్రాలకు మెడికెయిడ్ ఫ్రాడ్ యూనిట్ల చట్టం తెచ్చారు. లాయరు, ఆడిటరు, పరిశోధకుడు ఒకే చోట ఉండాలన్నది దాని పద్ధతి. ఖర్చులో 75 శాతం కేంద్రానిది. కెరీర్ మొదట్లో వాషింగ్టన్‌లో ఉద్యోగం దొరకని లాయర్లకు ఇవి మంచి బడి అని నా ఉద్దేశం. చిన్న కేసులైనా సొంతంగా నడపొచ్చు.

1981లో ఇంకో మలుపు. అప్పటిదాకా ఆరోగ్య శాఖ లాయర్లు ఫైలు కట్టి న్యాయ శాఖకి పంపడమే, అక్కడ తీరిక ఉంటే కేసు, లేకపోతే లేదు. ఆ ఏడాది సివిల్ మానిటరీ పెనాల్టీస్ లా వచ్చాక, తప్పుడు క్లెయిముకి 2,000 డాలర్ల దాకా శాఖే జరిమానా వేయగలిగింది. ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు లాయర్లు శాఖలోని జడ్జి ముందు తామే నిలబడి వాదించే రోజులు వచ్చాయి.

1986లో కాంగ్రెస్ సభ్యులు గ్రాస్లీ, బెర్మన్‌లు పాత లింకన్ చట్టానికి కోరలు తిరిగి పెట్టించారు. నష్టానికి మూడింతలు. ప్రభుత్వం కేసులో చేరితే ఫిర్యాదుదారుకి 15 నుంచి 25 శాతం. దావా సీలు వేసి కోర్టులో ఉంటుంది, అవతలివాళ్లకి వాసన కూడా తగలదు. చేరాలా వద్దా అన్నది ఈలోగా ప్రభుత్వ లాయరు తేల్చాలి. చట్టంలో గడువు 60 రోజులే. జరిగేది మాత్రం వాయిదా మీద వాయిదా, ఏళ్లు పడుతుంది.

ఇన్ని కుర్చీలున్నా జీతాల డబ్బు ఏటా బడ్జెట్ దయ మీదే ఆధారపడేది. 1996లో హిపా అనే చట్టం ఆ టెన్షన్ చాలావరకు తీర్చింది. మనకి హిపా అంటే పేషెంటు గోప్యతే గుర్తొస్తుంది, కానీ అదే చట్టం వైద్య మోసాన్ని ప్రత్యేక నేరం చేసింది. పదేళ్ల జైలు, రోగి చనిపోతే యావజ్జీవం దాకా. అంతకన్నా ముఖ్యం, మోసాల మీద పనికి మెడికేర్ ట్రస్ట్ ఫండ్ నుంచి ప్రత్యేక నిధి కట్టిపెట్టింది. నన్నడిగితే ఇది 'కెరీర్' అయింది అప్పుడే.

2007లో మయామీలో వైద్య మోసాలు పట్టే ప్రత్యేక బృందం, స్ట్రైక్ ఫోర్స్, మొదలైంది. ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా క్లెయిముల డేటాలోంచే కేసులు పట్టడం దాని పద్ధతి. అదే ఏడాది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఇక్కడి తనిఖీ ఎక్కువగా ట్రస్టు డాక్టర్ల చేతుల్లో, శిక్ష ఎక్కువగా ప్యానెల్ నుంచి తీసేయడంతో సాగింది.

అక్కడా అసలు భయం జైలు కాదు, తీసేయడమే. మెడికేర్‌కి బిల్లు వేయొద్దంటే పెద్ద ఆస్పత్రి కంపెనీ మూతపడ్డట్టే. అందుకే రాజీకొచ్చి, మామూలుగా ఐదేళ్లపాటు నిఘా కింద ఉంటామని ఒప్పందం రాసిస్తారు. హెచ్‌సీఏ ఆస్పత్రుల కంపెనీ 2000, 2003లలో కుదుర్చుకున్న రాజీలతో మొత్తం 170 కోట్ల డాలర్లు కట్టింది. ఒప్పందంలో ప్రతి వాక్యం బేరమాడేదీ, తర్వాత ఏటా వచ్చే రిపోర్టులు చదివేదీ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు లాయరే. కోర్టు డ్రామా ఉండదు, నిద్రొచ్చే కాగితాలుంటాయి. పని జరిగేది మాత్రం అక్కడే.

మరి జీతం? 2025లో వాషింగ్టన్‌లో సాధారణ ప్రభుత్వ స్కేలు పై మెట్టు 1,95,200 డాలర్ల దగ్గర ఆగిపోయింది. పెద్ద లా ఫర్మ్‌లో అప్పుడే చేరిన కుర్ర లాయరుకి 2,25,000. అందుకే చాలామంది కొన్నేళ్లు కేసులు వేసి, తర్వాత అవే కేసుల నుంచి ఆస్పత్రులను కాపాడే పనికి వెళ్తారు. తను స్వయంగా చూసిన కేసులో మాత్రం అవతలి పక్షాన ఎప్పటికీ ప్రభుత్వం ముందుకు రాకూడదని చట్టం ఉంది. ఈ రాకపోకల్ని చాలామంది తిట్టిపోస్తారు. లోపల పనిచేసిన లాయరు బయటికొచ్చి 'ఇలా బిల్లు వేయొద్దు' అంటే ఆస్పత్రి వింటుంది, కాబట్టి అంతా చెడేం కాదనుకుంటాను.

మన పిల్లల విషయానికొస్తే, ఈ ఫెడరల్ కొలువులకు ఆచరణలో అమెరికా పౌరసత్వం ఉండాల్సిందే. ఎల్ఎల్‌ఎం కోసం వెళ్లినవాళ్లకి, రూల్స్ పాటిస్తున్నారా అని చూసే ఆస్పత్రుల కంప్లయన్స్ విభాగాలే దారి. అక్కడే పుట్టి పెరిగినవాళ్లకి ఆ అడ్డు లేదు.

కొలువుల భద్రత కూడా మునుపటిలా లేదు. 2025 జనవరిలో ట్రంప్ ఒక్క రాత్రిలో తీసేసిన ఇన్‌స్పెక్టర్ జనరళ్లలో ఆరోగ్య శాఖ చూసే క్రిస్టీ గ్రిమ్ కూడా ఉన్నారు. ఆ తొలగింపులు చట్టవిరుద్ధమని సెప్టెంబరులో జడ్జి తేల్చారు, ఉద్యోగాలు మాత్రం తిరిగి ఇప్పించలేదు. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో ఫ్లోరిడాలో ఒక ఫెడరల్ జడ్జి, ప్రైవేటు మనిషి ప్రభుత్వం పేరున దావా వేయడమే రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. 2024 ఆర్థిక సంవత్సరంలో అలాంటి దావాలు 979 దాఖలయ్యాయి. ప్రభుత్వ లాయర్ల టేబుళ్ల మీదికి కొత్త ఫైళ్లు చాలావరకు ఆ దారినే వస్తాయి. ఆ తీర్పు మీద అప్పీలు పదకొండో సర్క్యూట్ కోర్టుకి వెళ్లింది.