నిరుద్యోగ భృతి 26 వారాలు ఖాయమా? అపోహలు – వాస్తవాలు

అమెరికాలో లేఆఫ్ అయిన తెలుగువారికి నిరుద్యోగ బీమా దరఖాస్తుల్లోనూ, అప్పీళ్లలోనూ సాయపడటం నా వృత్తి. ఫోను చేసేవారిలో చాలామంది మొదట అడిగేది "ఆరు నెలలు వస్తుంది కదండీ?" అనే. ఈ నమ్మకం తెచ్చినంత నష్టం మరే అపోహా తేవడం నేను చూడలేదు.

అపోహ: ఏ రాష్ట్రంలోనైనా 26 వారాలు ఇస్తారు.

వాస్తవం: ఆ హామీ ఏ ఫెడరల్ చట్టంలోనూ లేదు. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం ఈ పథకానికి పునాది వేసి, ఎన్ని వారాలు, వారానికి ఎంత అన్న నిర్ణయాలను రాష్ట్రాల శాసనసభలకు వదిలింది. దశాబ్దాల పాటు దాదాపు అన్ని రాష్ట్రాలూ కనీసం 26 వారాలు ఇస్తూ వచ్చినందువల్ల అది దేశమంతటి హక్కు అన్న భావన స్థిరపడింది. 2008 మాంద్యంలో నిధులు అడుగంటి రాష్ట్రాలు ఫెడరల్ ప్రభుత్వం దగ్గర అప్పు చేసినప్పుడు, యజమానుల పన్ను పెంచాలా, కార్మికుల భృతి తగ్గించాలా అన్న ప్రశ్న ఎదురైంది. అనేక శాసనసభలు భృతికే కోత పెట్టాయి. మిషిగన్ 2011లో దాన్ని 20 వారాలకు తగ్గిస్తూ చట్టం చేసింది. అదే ఏడాది ఫ్లోరిడా వారాల సంఖ్యను రాష్ట్ర నిరుద్యోగ రేటుకు ముడిపెట్టింది. రేటు 5 శాతం దాటకపోతే 12 వారాలే. 2013లో నార్త్ కరోలినా వారపు గరిష్ఠాన్ని 535 డాలర్ల నుంచి 350కి దించి, వారాలను 12 నుంచి 20 మధ్యకు పరిమితం చేసింది. అయోవా 2022లో 16 వారాలకు దిగింది.

రాష్ట్రంలో రేటు తక్కువగా ఉన్నంత మాత్రాన, తన రంగంలోనే ఉద్యోగాలు పోతున్న మనిషికి మూడు నెలల్లో పని దొరుకుతుందని అనుకోవడం అన్యాయమని నా అభిప్రాయం.

ఒక కుటుంబం గురించి చెప్పాలి. నార్త్ కరోలినాలోని కేరీలో ఇంటి నుంచే కాలిఫోర్నియా కంపెనీకి పనిచేసిన ఒకాయన, కంపెనీ అక్కడిది కనుక భృతి కూడా అక్కడి లెక్క ప్రకారమే వస్తుందని భావించారు. కాలిఫోర్నియాలో గరిష్ఠం వారానికి 450 డాలర్లు, 26 వారాలు, మొత్తం 11,700. ఆయన కూర్చుని పనిచేసింది నార్త్ కరోలినాలో కనుక అప్పటి ఆ రాష్ట్ర చట్టం ప్రకారం వచ్చింది 350 చొప్పున 12 వారాలు, అంటే 4,200. ఇంటి లోను వాయిదాలు, పిల్లల ఖర్చులు అన్నీ పెద్ద అంకె మీద వేసుకున్నారు. తక్కువ జీతపు కాంట్రాక్టు పనులు వెతకడం మూడు నెలల తరువాత చూద్దామనుకున్నారు. పన్నెండో వారం దగ్గర పడ్డాక నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన భార్య ఏడుస్తూ "ముందే ఎవరైనా చెప్పి ఉంటే" అన్నారు. తప్పు వారిది కాదు, చట్టం చదవకుండానే ధీమాగా సలహా ఇచ్చిన స్నేహితులది.

అపోహ: కొత్త బిల్లు వచ్చింది కనుక నా భృతీ పెరుగుతుంది.

వాస్తవం: వాట్సాప్ సందేశాల్లో బిల్లుకూ, అమల్లో ఉన్న చట్టానికీ తేడా ఉండదు. 2023లో కాలిఫోర్నియా శాసనసభ సమ్మె చేసే కార్మికులకు భృతినిచ్చే బిల్లును ఆమోదించగా, గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు. సంతకమైన చట్టానికి సైతం అమలు తేదీ ఉంటుంది. మిషిగన్ 2024 చివర్లో 26 వారాలను పునరుద్ధరించింది. అయితే అది 2025 ఏప్రిల్ 2న గానీ, ఆ తరువాత గానీ మొదలైన క్లెయిములకే వర్తిస్తుంది. ఫిబ్రవరిలో క్లెయిము మొదలుపెట్టినవారికి 20 వారాలే. న్యూయార్క్ గరిష్ఠం 504 నుంచి 869 డాలర్లకు పెరిగింది 2025 అక్టోబరులో. కాబట్టి వార్త చూసినప్పుడు మూడే అడగండి: సంతకమైందా, ఎప్పటి నుంచి అమలు, నా క్లెయిము ఏ తేదీది?

మిగిలినవి క్లుప్తంగా. ఈ భృతి మీ జీతంలో కోసిన సొమ్ము కాదు. అలాస్కా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలలో తప్ప ఉద్యోగి వాటా ఉండదు, యజమానే పన్ను కడతారు. దీన్ని తీసుకుంటే గ్రీన్ కార్డు దరఖాస్తులో ప్రభుత్వానికి భారంగా లెక్కిస్తారన్న భయం చాలామందిని వెనక్కు లాగుతుంది. 2019 నాటి కఠిన నిబంధన సైతం దీన్ని ఆ లెక్కలో చేర్చలేదు. హెచ్-1బీ వారి విషయం వేరు: వెంటనే మరో పనిలో చేరడానికి చట్టపరంగా సిద్ధంగా ఉన్నారా అన్నది అక్కడ అడ్డంకి అవుతుంది, కనుక మీ ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగండి. గ్రీన్ కార్డు ఉన్నవారు, ఈఏడీ (పని అనుమతి పత్రం) మీద పనిచేసినవారు మాత్రం అనుమానంతో ఆగిపోవద్దు.

సెవరెన్స్ (ఉద్యోగం తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే పరిహారం) అయ్యాక దరఖాస్తు చేద్దామనుకోవడం కూడా ప్రమాదమే. టెక్సస్‌లో సెవరెన్స్ వల్ల భృతి వాయిదా పడవచ్చు, కాలిఫోర్నియాలో సాధారణంగా పడదు. ఆ తీర్పు రాష్ట్ర శాఖ ఇవ్వాలి, మనం కాదు. పైగా మీ బేస్ పీరియడ్ (భృతి లెక్కకు చూసే పాత జీతాల కాలం) ఏ త్రైమాసికాలదో దరఖాస్తు తేదీయే తేలుస్తుంది. ఉద్యోగం పోయిన వారంలోనే దరఖాస్తు చేయండి. తిరస్కరిస్తే, ఆ నోటీసులో ఉన్న గడువులోపు అప్పీలు చేసి, తీర్పు వచ్చేదాకా వారవారం సర్టిఫై చేయడం (ఆ వారం కూడా భృతికి అర్హత ఉందని శాఖకు ధ్రువీకరించడం) ఆపకండి. సర్టిఫై చేయని వారాలకు అప్పీలు గెలిచినా సాధారణంగా డబ్బు రాదు.