గండుచీమల సంగతి

చిరంజీవులు చిన్నికి, బాబ్జీకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో అడిగారే, వేపచెట్టు మొదట్లో తిరిగే ఆ పెద్ద బుర్ర గండుచీమ రాజా అని, అది రాజు కాదర్రా. ఆడదే, పనిచేసే చీమే. దాని పక్కన తిరిగే 7 మిల్లీమీటర్ల బక్కవీ, ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా ఉండే ఈ బుర్రవీ అన్నీ అక్కాచెల్లెళ్లే. చిన్నది ఎదిగి పెద్దదవుతుందనుకునేరు! సీతాకోకచిలుకలకు లాగే చీమకూ ఎదుగుదలంతా పురుగు దశలోనే. తర్వాత ఎంత తిన్నా వీసమెత్తు పెరగదు.

దీని శాస్త్రీయ నామం కాంపొనోటస్ కంప్రెసస్. 1787లో ఫాబ్రీషియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. గుర్తుపట్టాలంటే పక్కనుంచి చూడండి. వీపు ఎక్కడా నొక్కులు లేకుండా ఒకే వంపుగా ఉంటుంది, సన్నటి నడుము మీద ఒకే బొడిపె. తలా పొట్టా నల్లగా ఉండి మధ్యభాగం ఎర్రగా ఉంటే మాత్రం అది వేరే చీమ, గట్టిగా కుడుతుంది, చెయ్యి పెట్టకండి. గండుచీమకు కొండి లేదు. కరుస్తుంది, పొట్ట చివర వంచి ఫార్మిక్ ఆమ్లం అనే మంటపెట్టే రసం చిమ్ముతుంది. చురుక్కుమంటుంది, అంతే.

అసలు తమాషా తుమ్మచెట్టు మీద. కొమ్మలకు ముల్లులా అంటుకుని రసం పీల్చే కొమ్ముపురుగులు ఉంటాయి. గండుచీమ వెళ్లి మీసాలతో మెల్లగా తడుతుంది. పురుగు వెనక నుంచి ఒక తియ్యటి చుక్క వస్తుంది. చీమ తాగేస్తుంది. బదులుగా సాలీళ్లు, ఇతర శత్రువులు దగ్గరికి రాకుండా కాపలా. కడుపు నిండాక చూడండి, పొట్ట ఉబ్బి నల్ల పలకల మధ్య లేత చారలు బయటపడతాయి. ఆ రసమంతా దానిదొక్కదానిదే కాదు, పుట్టలోకి పోయి మిగతావాళ్లకు నోటితో నోటికి అందిస్తుంది.

పుట్టలో నీళ్లు పోస్తే నోట కరుచుకుని పరిగెత్తే తెల్లటి మూటలు గుడ్లు కావు, పట్టుగూళ్లు. లోపల చీమగా మారుతున్న పురుగు ఉంటుంది. గుడ్లు కంటికి ఆనడమే కష్టం. (నీళ్లు పోయకండి, చెప్తున్నా.)

వానలు పడ్డాక రెక్కల చీమలు ఎగురుతాయి. జతకట్టాక మగవి చచ్చిపోతాయి. రాణి రెక్కలు తెంపుకుని, మట్టిలో గుంట తవ్వి తలుపేసుకుంటుంది. మొదటి కాన్పు పిల్లల్ని తన ఒంట్లోని కొవ్వుతోనే పెంచుతుంది.

ఎండాకాలం పగలు పెద్దగా కనబడవు. పొద్దుగూకాక టార్చి పట్టుకుని నాన్నతో వెళ్లండి. పక్కనుంచి, బొడిపె తెలిసేలా ఫోటో తీసి పంపండి.

మీ తాతయ్య