వైనో: పాటల వీరుడి నుంచి పసివాడి దాకా

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. ఫిన్లాండ్‌లో మగపిల్లలకు పెట్టే ‘వైనో’ అనే పేరు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మొదటి అచ్చును మీరు ‘బ్యాంకు’ అనేటప్పటి ‘బ్యా’లాగా పలకాలి, చివరి అచ్చుకు మన వర్ణమాలలో సరిపడే అక్షరం లేదు.

వైనామొయినెన్ అనే పురాణపురుషుడి పేరుకు ఇది పొట్టి రూపం. ఆయన ముదుసలి, గాయకుడు, మంత్రవేత్త. కత్తితో కన్నా పాటతో గెలిచేవాడు. తనతో పోటీకి దిగిన యౌకహైనెన్ అనే కుర్రవాణ్ణి పాడి పాడి ఊబిలోకి దించేశాడు. పెద్ద చేప దవడ ఎముకతో కాంతెలె అనే తంత్రీవాద్యాన్ని చేశాడు. 1551లో మికాయెల్ అగ్రికోలా అనే మతసంస్కర్త, హామె ప్రాంతపు జనం పూర్వం కొలిచిన దేవుళ్ళను వరుసగా పేర్కొంటూ ఈయననూ చేర్చాడు.

పేరు ఇంత పాతదైనా, పిల్లలకు పెట్టడం మాత్రం ఎంతో ఆలస్యంగా మొదలైంది. ఫిన్లాండ్ 1809 వరకు స్వీడన్ ఏలుబడిలో, ఆ తరువాత రష్యా చక్రవర్తి కింద ఉండేది; చర్చి పుస్తకాలు మాత్రం చాలాకాలం స్వీడిష్ భాషలోనే సాగాయి. ఇంట్లో అందరూ హెయిక్కి అని పిలుచుకొనే పిల్లవాణ్ణి పాదిరి తన పుస్తకంలో హెన్రిక్ అని నమోదు చేసేవాడు. యుహాని అక్కడ యోహాన్ అయ్యేవాడు. ఎలియాస్ లోన్‌రోత్ అనే వైద్యుడు పల్లెలు తిరిగి, పాటగాళ్ళ నోట విన్న జానపద గీతాలను కూర్చి 1835లో ‘కాలెవాలా’ కావ్యాన్ని ప్రచురించి, 1849లో దానిని బాగా పెంచిన తరువాతే, చదువుకొన్న కుటుంబాలకు తమ భాషలో పేరు పెట్టుకోవడం గౌరవమనిపించింది. వైనో, ఇల్మరి, తపియో వంటి పేర్లు ఉయ్యాలలకెక్కింది అప్పుడే. ఆడపిల్లలకు ఐనో అని పెట్టారు. కావ్యంలో ముసలి వైనామొయినెన్‌ను పెళ్ళాడటం ఇష్టంలేక నీట మునిగిన అమ్మాయి పేరది! ఆ రెండు పేర్లూ ఒకే కాలంలో అంతగా నచ్చడం నాకు వింతగానే తోస్తుంది.

ఆ ఉత్సాహం ఇంటిపేర్లనూ వదలలేదు. ఫిన్నిష్ భాష కోసం పాటుపడిన స్నెల్మన్ శతజయంతి సందర్భంగా, 1906 మే 12న వేలాది కుటుంబాలు స్వీడిష్ ఇంటిపేర్లను విడిచి ఫిన్నిష్ పేర్లు స్వీకరించాయి. 1917లో స్వాతంత్ర్యం వచ్చే నాటికి వైనో ఊరూరా వినిపించే పేరయింది. 1920లో పుట్టిన నవలాకారుడు వైనో లిన్నా ఆ తరంవాడే. ఆయన బొమ్మ తరువాత 1993 నాటి ఇరవై మార్కుల నోటు మీదికెక్కింది.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత తిమో, యారి, కారి వంటి పొట్టి పేర్లు రాజ్యమేలాయి. వైనో అంటే ముసలివాళ్ళ పేరనే మాట పడింది. ఇరవై ఒకటో శతాబ్దంలో గాలి మళ్ళీ తిరిగింది. మన ఇళ్ళలో తాత పేరు మనవడికి పెట్టినట్లే అక్కడ ముత్తాత పేరు వెదికి పెడుతున్నారని చెప్పవచ్చు: అమ్మానాన్నల తరం పేర్లు పాతబడినట్లు కనిపిస్తాయి, ఇంకా వెనకటివి కొత్తగా వినిపిస్తాయి. ఇటీవలి సంవత్సరాలలో వైనో, ఎయినో, ఒన్ని మూడూ కొత్తగా పుట్టిన మగపిల్లలకు ఎక్కువగా పెట్టే పేర్లలో చేరాయి. పాత పేరు మొదటి స్థానంలో నచ్చని వారికి కూడా దారి ఉంది: 2019 నుంచి అక్కడి చట్టం ఒక బిడ్డకు నాలుగు పేర్ల వరకు పెట్టనిస్తోంది కనుక, ముత్తాత పేరును రెండో పేరుగానో మూడో పేరుగానో ఉంచుకోవచ్చు.

ఫిన్లాండ్ పంచాంగంలో వాడుకలో ఉన్న చాలా పేర్లకు ఒక్కో నామదినం, అంటే ఆ పేరుగలవారికి శుభాకాంక్షలు చెప్పే రోజు, ఉండటం ఆనవాయితీ. వైనోకు అది ఫిబ్రవరి 17. కాలెవాలా దినోత్సవం అదే నెల 28న వస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య