చిన్న ఊరి మురుగు శుద్ధి: అసలు పని మడ్డి దగ్గరే

మనిషికి వంద లీటర్ల లెక్కన 500 మంది ఉన్న ఊరు రోజుకు 50 ఘనమీటర్ల మురుగునీరు వదులుతుంది. అందులోని సేంద్రియ వ్యర్థాన్ని తినడానికి బాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలతే బీఓడీ. మనిషికి రోజుకు 45 గ్రాములు వేసుకున్నా ఊరి మొత్తానికి 22 కిలోలు దాటుతుంది. 30 డిగ్రీల వేడిలో గాలి నుంచి నీటిలో కరిగే ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములే, చేపలకు అందులో కనీసం 4 మిగలాలి. కొత్త ఆక్సిజన్ కలవకపోతే ఈ ఒక్క ఊరి మురుగు రోజుకు ఆరు వేల ఘనమీటర్లకు పైగా నదినీటిని చేపలకు పనికిరాకుండా చేయగలదు.

తొట్లలో గాలి ఊది, బాక్టీరియా చేత మురుగును తినిపించే యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతి 1914లో మాంచెస్టర్‌లో రూపుదిద్దుకుంది, నగరాలకు బాగా పనికొస్తుంది. కానీ దానికి నిరంతరం గాలి ఊదాలి. చాలా గంటలు కరెంటు పోతే బాక్టీరియా దెబ్బతింటుంది, మళ్లీ గాడిన పడడానికి రోజులు పట్టవచ్చు. స్థలం ఉన్న చిన్న ఊరికి సెప్టిక్ ట్యాంకు, దాని తర్వాత మొక్కలు నాటిన కంకర మడుగు మేలని మా అభిప్రాయం. నేల వాలు ఉంటే మోటారే అక్కర్లేదు.

ఈ ఊరికి ట్యాంకు 90 ఘనమీటర్లు కావాలి: ఒక రోజు నీటికి 50, రెండేళ్ల మడ్డికి 40. రెండు గదులుగా కట్టి, మొదటి గదికి మూడింట రెండొంతులు ఇవ్వాలి. బయటికి పోయే చోట T ఆకారపు పైపు పెడితే పైన తేలే తెట్టు ట్యాంకులోనే ఆగుతుంది. మడుగు మనిషికి 3 చదరపు మీటర్ల చొప్పున 1500 చదరపు మీటర్లు, కంకర లోతు 60 సెంటీమీటర్లు. నేలలోకి ఇంకకుండా అడుగున మందపాటి ప్లాస్టిక్ పొర పరవాలి. నీరు వచ్చే చోటా పోయే చోటా పెద్ద రాళ్లు, మధ్యలో 10 నుంచి 16 మిల్లీమీటర్ల కంకర. కంకరను కడిగే వేయాలి. లేకపోతే అంటుకున్న మట్టే సందులు మూసేస్తుంది. జమ్ము, మెట్టతామర నాటవచ్చు. నీటిమట్టం కంకర పైభాగానికి 5 నుంచి 10 సెంటీమీటర్లు కిందే ఉండాలి, అప్పుడు దోమలు పెరగవు. నీరు ఇందులో దాదాపు వారం నిలుస్తుంది.

మడుగు చెడిపోయిందని చెప్పే చాలా చోట్ల తప్పు మడుగుది కాదు. ట్యాంకులో మడ్డి తీయకపోతే అది నీటితోపాటు కొట్టుకొచ్చి కంకర సందుల్లో పేరుకుంటుంది. నీరు పైకి ఉబుకుతుంది, కంపు మొదలవుతుంది. ఆ కంకర తవ్వి కడగడం కంటే మడ్డి తీయించడం ఎన్నో రెట్లు చవక. పొడవాటి కర్రకు తెల్లగుడ్డ చుట్టి ట్యాంకు అడుగుదాకా దింపితే నల్లటి మరక మడ్డి ఎత్తును చూపిస్తుంది. తెట్టూ మడ్డీ కలిసి లోతులో మూడో వంతుకు చేరితే తీయించాలి. అడుగున కొంచెం వదిలేస్తే బాక్టీరియా మళ్లీ త్వరగా పెరుగుతుంది. ట్యాంకులోకి ఎవరూ దిగకూడదు. లోపలి విషవాయువులు నిమిషాల్లో ప్రాణం తీస్తాయి. తీసిన మడ్డిని వాగులో పారబోస్తే చేసిన పనంతా వృథా. ఇసుక పరుపులపై ఎండబెట్టాలి. వాననీటి కాలువను ఈ పైపుకు కలపనేకూడదు, ఒక్క పెద్ద వానకే ట్యాంకు అడుగుదాకా కదిలి మడ్డి మొత్తం మడుగులోకి వెళ్తుంది.

ఇలాంటి మడుగు బీఓడీని బాగా తగ్గిస్తుంది కానీ నీటితో నిండి ఉండి లోపలికి గాలి అందదు కాబట్టి అమ్మోనియాను అంతగా తీయలేదు. అమ్మోనియా రూపంలో ఉన్న ఒక మిల్లీగ్రాము నైట్రోజన్ నదిలో 4.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ లాగుతుంది. నది చిన్నదైతే నీటిని విడతలుగా పైనుంచి వదిలే నిలువు మడుగు ఒకటి జోడించాలి. విడతకూ విడతకూ మధ్య కంకరలోకి గాలి చేరి, అమ్మోనియా నైట్రేటుగా మారుతుంది. రోగక్రిములు కొన్ని మిగులుతాయి. స్నానానికో తాగడానికో వాడే రేవుకు ఎగువన ఈ నీరు వదలకూడదు.

ఫలితాన్ని నదిలోనే కొలవాలి. మురుగు కలిసే చోట కొలిస్తే సరిపోదు. ఆక్సిజన్ అత్యంత తక్కువయ్యేది అక్కడ కాదు, దిగువన కొంత దూరంలో. అమెరికాలోని ఒహాయో నది మీద చేసిన పని ఆధారంగా స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1925లోనే దీనికి సమీకరణాలు ఇచ్చారు. ఎగువన ఒక చోట, దిగువన మూడు నాలుగు చోట్ల, సూర్యోదయానికి ముందు కొలవాలి. మధ్యాహ్నం నాచు వదిలే ఆక్సిజన్ వల్ల జబ్బుపడిన నది కూడా ఆరోగ్యంగా కనిపిస్తుంది.