కలైయపీ క్రూజర్‌ను గట్టెక్కించింది బొగ్గేనా? అపోహలు - వాస్తవాలు

1889 మార్చి 16న తుఫాను విరుచుకుపడినప్పుడు పసిఫిక్ ద్వీపదేశం సమోవాలోని అపియా రేవులో ఏడు యుద్ధనౌకలున్నాయి. అమెరికావి మూడు, జర్మనీవి మూడు, బ్రిటన్‌ది ఒక్కటే: 1884లో జలప్రవేశం చేసిన 2,770 టన్నుల కలైయపీ. సముద్రంలోకి బయటపడగలిగింది అదొక్కటే.

అపోహ: మిగతా ఆరూ నాశనమయ్యాయి.
వాస్తవం: నాలుగే. జర్మనీ ఓల్గా, అమెరికా నిప్సిక్ ఒడ్డుకెక్కాయి. తర్వాత వాటిని మళ్లీ నీళ్లలోకి దించారు.

అపోహ: తెరచాపలు ఆదుకున్నాయి.
వాస్తవం: ఎదురుగాలిలో తెరచాప పనికిరాదు. పైగా స్తంభాలు, తాళ్లు గాలికి అడ్డంపడి ఓడను వెనక్కి నెడతాయి. బయటపడింది ఆవిరి బలంతోనే.

అపోహ: అంతా న్యూజిలాండ్ వెస్ట్‌పోర్ట్ బొగ్గు మహిమ.
వాస్తవం: బొగ్గు మంచిదే, ఓడ ఇంజనీరు బోర్క్ కూడా దాన్ని మెచ్చుకున్నాడు. బొగ్గు అమ్మేవాళ్లకు అంతకుమించిన ప్రకటన ఏం కావాలి! కానీ కొలిమి మండుతూ ఉంటేనే కదా బొగ్గుతో పని. అమెరికా ఓడ ట్రెంటన్‌లో లంగరు గొలుసు దూరే కన్నాలు కింది డెక్‌లో ఉండేవి. అలల నీరు వాటిగుండా లోపలికొచ్చి బాయిలర్ల మంటలార్పేసింది. కలైయపీలో మంటలు ఆరలేదు, ఇంజన్ ఆగలేదు. లంగరు వేసి ఉన్నప్పుడే ముందుకు ఆవిరి పెట్టి గొలుసుల మీద లాగుడు తగ్గించారు. చివరికి కెప్టెన్ కేన్ గొలుసు వదిలేయించాడు. అసలు ప్రమాదం అక్కడినుంచే. ఓడ వెనకభాగం అలమీద పైకి లేస్తే ప్రొపెల్లర్ గాల్లో ఉత్తినే గిర్రున తిరుగుతుంది; ఆ క్షణంలో ఆవిరి తగ్గించకపోతే దాన్ని తిప్పే ఇరుసు (షాఫ్టు) విరగొచ్చు. ప్రొపెల్లర్ నీళ్లలో మునగ్గానే ఆవిరిని మళ్లీ పూర్తిగా పెంచాలి. అలకోసారి ఇదే పని.

అపోహ: వేగంగా దూసుకుపోయింది.
వాస్తవం: నిలకడ నీటిలో దాదాపు 15 నాట్ల వేగంతో (నాటు అంటే గంటకు ఒక సముద్రపు మైలు) వెళ్లగల ఓడ ఆరోజు ఒక నాటు వేగంతో కూడా కష్టంగానే కదిలింది.

అపోహ: 1916లో జట్లండ్ యుద్ధంలో (మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్, జర్మనీల నౌకాయుద్ధం) పోరాడింది ఇదే.
వాస్తవం: అది అదే పేరున్న కొత్త క్రూజర్. పాతది 1907 నుంచి న్యూకాజిల్ దగ్గర టైన్ నదిలో కట్టేసిన శిక్షణ నౌక. కొత్తదానికి పేరివ్వడం కోసం 1915లో దీని పేరు హెలికాన్‌గా మార్చారు. 1931లో పాత పేరు తిరిగొచ్చింది, 1951లో అమ్మేశారు. అందుకే 1915-31 మధ్య రికార్డుల్లో ఈ ఓడ కావాలంటే హెలికాన్ అని వెతకాలి.