మంచె మీద కుర్రాడు

బుజ్జమ్మా,

మొన్న మొంథా తుఫానప్పుడు ఫోన్లో ఒకటడిగావు. కరెంటు పోతుందని ట్యాంకు నింపుకునే హడావుడిలో ఉండి ఏదో చెప్పి తప్పించుకున్నాను. "వాన చుక్క పడకుండానే బడికి సెలవిచ్చేశారు, వస్తుందని వాళ్లకెలా తెలుసు తాతయ్యా?" అన్నావు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. తమ్ముడికీ చదివి వినిపించు.

నా చిన్నప్పుడు మాకు జొన్నచేను ఉండేది. మధ్యలో నాలుగు గుంజలు పాతి మంచె కట్టేవాళ్లు. బడి లేని రోజు పిట్టల్ని తోలడానికి నన్ను దానిమీద కూర్చోబెట్టేవారు. చేతిలో ఒడిసెల, పక్కన గులకరాళ్లు. చేలోకి దిగితే జొన్న నాకంటే ఎత్తు, నాలుగడుగుల అవతల ఏముందో తెలిసేది కాదు. మంచెక్కితే ఏ మూల చిలకలు వాలుతున్నాయో అంతా కనపడేది.

పైనుంచి వాతావరణాన్ని కనిపెట్టే మన ఇన్సాట్ ఉపగ్రహం ఆ కుర్రాడే అనుకో. దాని మంచె 36,000 కిలోమీటర్ల ఎత్తు. భూమి ఒక చుట్టు తిరిగేసరికి అదీ ఒక చుట్టు తిరుగుతుంది, అందుకే ఎప్పుడూ మన చేను మీదే నిలబడ్డట్టు ఉంటుంది. చేనంటే బంగాళాఖాతం, మన ఊళ్లు, అన్నీ. అరగంటకోసారి ఫొటో తీసి కిందికి పంపుతుంది. నేనైతే మధ్యాహ్నం కునుకు తీసేవాణ్ని. ఒకసారి చిలకలు ఒక సాలు కంకులన్నీ ఒలుచుకు తిన్నాక మా నాన్న వచ్చి లేపాడు. ఎలా లేపాడో రాయను.

దానికి కునుకు లేదు. రాత్రిపూట వెలుతురుతో పనిలేకుండా వేడిని బట్టి చూస్తుంది. మేఘం ఎంత పైకి ఎదిగితే దాని నెత్తి అంత చల్లన. సముద్రం పైనీళ్లు ఎంత వేడెక్కాయో కూడా అలాగే పసిగడుతుంది. సుమారు 26 డిగ్రీలు దాటిన నీళ్లు తుఫానుకు మేత. సముద్రాలు వేడెక్కుతున్నకొద్దీ ఆ మేత పెరుగుతోంది. కొన్ని తుఫాన్లు ఒక్కరోజులోనే బలిసిపోతున్నాయి.

మంచె మీదవాడికి గట్టుచాటున ఏముందో కనపడదు. దానికి గట్ల వెంట తిరిగే మనిషి కావాలి. 2025 జులైలో శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ ఉపగ్రహం అలాంటిది. 747 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ 12 రోజులకోసారి అదే చోటికి వస్తుంది. రేడియో తరంగాలతో చూసే రాడార్ కాబట్టి మబ్బు అడ్డం రాదు, వరదనీళ్లు ఏ పొలంలో నిలిచాయో చెప్పేస్తుంది.

పోలిక సాగదీస్తున్నానని మీ అమ్మ అంటుంది. ఇంకొక్క ముక్క. ఆకాశంలో కుర్రాడి చేతిలో ఒడిసెల లేదు. తుఫానును తోలలేడు, కేక వెయ్యగలడు అంతే.

1977 నవంబరు 19న తుఫాను గాలికి మా మంచె కూలింది. నాన్న రాత్రంతా రేడియో చెవి దగ్గర పెట్టుకు కూర్చున్నాడు. దివిసీమలో సముద్రం మూడు నిలువుల ఎత్తున మీదపడిందని మాకు రెండ్రోజులకు గానీ తెలియలేదు. పదివేల మంది దాకా పోయారు. అప్పటికి మనకు సొంత ఇన్సాట్ లేదు. 2013లో ఒడిశాకు ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు లక్షలాది మందిని ముందే ఊళ్లు ఖాళీ చేయించారు. పోయినవాళ్లు వందలోపే. పైనుంచి చూసినవాడితో పాటు, అర్ధరాత్రి ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టినవాళ్లకీ అందులో సగం పుణ్యం.

మీ వీధి చివర ముసలమ్మకి సరిగ్గా వినపడదు కదా. మొన్న ఆమెకెవరు చెప్పారు? ఈసారి నువ్వు వెళ్లు.

ఈలోగా ఒక పని చెయ్యండి. మబ్బు పట్టిన రోజు నాన్న ఫోన్లో వాతావరణ శాఖవాళ్ల ఇన్సాట్ బొమ్మ తెరిపించుకోండి. మన ఊరెక్కడుందో వేలు పెట్టి చూడండి. ఆ తెల్లటి మచ్చ మీ నెత్తినే ఉంటుంది. వెంటనే డాబా ఎక్కి దాన్ని కిందినుంచి చూడండి. గొడుగు మర్చిపోకండి.

మీ తాతయ్య